పెద్ద కోళ్ల ఫారం పక్కన పెరటి కోళ్లు: ఎనిమిది రోజుల్లో పద్నాలుగు పోయాయి, ఇంక మానేయాలా?

గంపకింద పెట్ట
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. మా పెరట్లో ఇరవై మూడు నాటుకోళ్లు ఉండేవి. ఎనిమిది రోజుల్లో పద్నాలుగు పోయాయి. మొదట ఒక పెట్ట రెక్కలు వేలాడేసుకుని మూల కూర్చుంది. మేత ముట్టలేదు, పచ్చగా నీళ్లలా పారింది, మర్నాడు పొద్దునకల్లా చచ్చిపోయింది. ఆ తర్వాత రోజుకు ఒకటో రెండో. నోరు తెరుచుకుని ఎగరొప్పడం, గొంతులో గురగుర. మిగిలిన తొమ్మిదింట్లో ఒక ముసలి పెట్టకు మెడ మెలిపడిపోయింది. గింజ ఏరబోతే ముక్కు పక్కన నేల మీద పడుతోంది. చూడలేకపోతున్నాను.

మా ఇంటికి నాలుగు వందల మీటర్ల దూరంలో గుడ్ల కోళ్ల ఫారం ఉంది. నలభై వేల కోళ్లట. గాలి అటు నుంచి తిరిగిన రోజు వాసన, ఈగలు. జబ్బు ఆ గాలిలోనే వచ్చిందని నాకు గట్టిగా అనిపిస్తోంది. కానీ అక్కడి కోళ్లకు ఏమీ కాలేదట. అదే నాకు అర్థం కావడం లేదు. అక్కడి నుంచే వస్తే వాటికెందుకు రాలేదు? ఇలాంటి చోట కోళ్లు పెంచడం అసలు తప్పా?

నాలుగు పెట్టలు
అయ్యో అక్కా, చదువుతుంటేనే కడుపు తరుక్కుపోతోంది. ముందు నీళ్లలో యాంటీబయాటిక్ కలిపి మిగిలిన వాటికి పట్టండి. ఇంకో మాట. ఫారం వాళ్లు ఏడాదిన్నర దాటిన పాత లేయర్లను, అంటే గుడ్ల కోళ్లను తీసేస్తుంటారు కదా, వాటిని తెచ్చుకోండి. అన్ని టీకాలూ పడినవే, అక్కడి గాలికి అలవాటైనవే. మీ దగ్గర తట్టుకుంటాయి.

పశువుల డాక్టర్
నాలుగు పెట్టలు గారూ, మీ మనసు మంచిదే గానీ ఆ రెండు సలహాలూ వద్దు. వైరస్ జబ్బు మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పాత లేయర్ల సంగతి తర్వాత చెబుతాను.

గంపకింద పెట్ట గారూ, ముందు అత్యవసరమైనవి. చచ్చిన కోడిని కోయొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు, కాలవలో పారేయొద్దు. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. పిల్లల్ని అటు రానీయకండి. ఈరోజే పశువైద్యశాలకు చెప్పండి. కొత్తగా ఏదైనా చనిపోతే దాన్ని రెండు సంచుల్లో కట్టి చల్లగా ఉంచండి, పరీక్షకు వాళ్లు తీసుకుంటారు.

మీరు చెప్పిన లక్షణాలు, ముఖ్యంగా ఆ మెడ మెలిక, కొక్కెర తెగులు వైపు చూపిస్తున్నాయి. రాణిఖేత్ అన్నా, న్యూకాజిల్ అన్నా అదే. 1926లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ దగ్గర బయటపడింది కాబట్టి ఆ పేరు. అయితే మొదటి రెండు మూడు రోజుల్లో బర్డ్ ఫ్లూ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. కంటితో చూసి తేల్చగలిగినవాడు లేడు, ల్యాబే చెప్పాలి. కొక్కెర మనుషులకు వస్తే కళ్లకలకతో పోతుంది. బర్డ్ ఫ్లూ అలా కాదు. 1997లో హాంకాంగ్‌లో హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ రకం పద్దెనిమిది మందికి సోకితే ఆరుగురు చనిపోయారు. అందుకే తేలేవరకు రెండోదే అనుకుని జాగ్రత్త పడాలి.

ఇక మీ అసలు ప్రశ్న. ఫారం కోళ్లకు కొక్కెర టీకా పదేపదే వేస్తారు. ఆ టీకా కోడిని జబ్బు పడనివ్వదు, చావనివ్వదు. కానీ వైరస్ ఒంట్లోకి రాకుండా పూర్తిగా ఆపలేదు. టీకా పడిన కోడికి అసలు వైరస్ తగిలినా అది మామూలుగా మేత తింటూ, గుడ్లు పెడుతూ ఉంటుంది. మహా అయితే గుడ్లు కాస్త తగ్గుతాయి. అయినా దాని రెట్టలో, ముక్కు చీమిడిలో కొన్నాళ్లు వైరస్ బయటికి వస్తూనే ఉంటుంది. టీకా లేని మీ కోడికి అది చాలు. కాబట్టి "అక్కడ బాగున్నాయి" అంటే "అక్కడ వైరస్ లేదు" అని కాదు. అలాగని అక్కడి నుంచే వచ్చిందని కూడా కాదు. ఈ రెండు మాటలూ కలిపి గుర్తుపెట్టుకోండి.

తూర్పు గాలి
డాక్టర్ గారూ, మర్యాదగానే అడుగుతున్నాను. "అక్కడి నుంచే అని కాదు" అంటే ఏమిటండీ? నలభై వేల కోళ్ల దుమ్ము, ఈకలు, ఫ్యాన్లు పెట్టి మరీ బయటికి తోస్తుంటే పక్కింటి ఇరవై కోళ్లు ఏమైపోవాలి? మా కోడిపిల్లలు రెండు విడతలు పోయాయి. రెండు నెలలు రాగానే ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి చాపి పడిపోయేవి. మా ఇంటికీ ఫారానికీ మధ్య రెండు పొలాలే. ఎవరూ అటు వెళ్లరు, వాళ్లు ఇటు రారు. గాలి కాకపోతే ఇంకేంటి?

పశువుల డాక్టర్
మీ కోపం న్యాయమైనది, మీ విషయంలో గాలి మాట చాలావరకు నిజం కూడా. మీరు చెప్పిన కాళ్లు చాపడం మారెక్స్ జబ్బులా ఉంది. 1907లో హంగరీ పశువైద్యుడు యోజెఫ్ మారెక్ మొదట వర్ణించాడు. ఆ వైరస్ ఈకల మొదళ్లలో తయారై పొట్టులా రాలి దుమ్ములో కలుస్తుంది. ఆ దుమ్ములో నెలల తరబడి బతుకుతుంది. ఫారం పిల్లలకు పుట్టిన రోజే, లేదా గుడ్డులో ఉండగానే టీకా పడుతుంది. పెరట్లో పెట్ట కింద పొదిగిన పిల్లకు అది పడదు. పైగా ఈ టీకా కూడా ఆ జబ్బు తెచ్చే కణుతుల్ని ఆపుతుంది గానీ వైరస్ వెదజల్లడాన్ని ఆపదు. అందుకే దుమ్ము వచ్చే దారిలో ఉన్నవాళ్లకు మారెక్స్ నిజమైన బెడద.

కొక్కెర అలా కాదు. గాలిలో అసలు రాదని చెప్పను, కానీ నాలుగు వందల మీటర్లు గాలిలో ఎగిరి రావడం కంటే ఒక చెప్పుకి అంటుకుని రావడం దానికి ఎంతో తేలిక. తడి రెట్టలో, నీడలో అది రోజులూ వారాలూ బతుకుతుంది. బఠానీ గింజంత రెట్ట చాలు. గంబోరో అని కోళ్లకు వచ్చే ఇంకో వైరస్ జబ్బు ఉంది, అది ఇంకా మొండిది. కోళ్లు తీసేసిన షెడ్డులో నాలుగు నెలలు ఉంటుంది, సబ్బుకు కూడా లొంగదు. మైకోప్లాస్మా అనే, ఊపిరి జబ్బు తెచ్చే సూక్ష్మజీవి ఒకసారి పట్టిన కోడిని జీవితాంతం వదలదు, గుడ్డు ద్వారా పిల్లకు కూడా వస్తుంది. పాత లేయర్లు వద్దన్నది ఇందుకే. అవి చూడ్డానికి బాగుంటాయి, మీ గంపలోకి మాత్రం ఈ మూటంతా మోసుకొస్తాయి.

షెడ్డు మనిషి
నేను ఇలాంటి ఫారంలోనే పదకొండేళ్లుగా సూపర్‌వైజర్‌ని. మాట్లాడాలా వద్దా అని రెండుసార్లు టైపు చేసి చెరిపేశాను.

మీకు మేమంటే భయం. మాకు మీరంటే భయం. మా దగ్గర చేరే మనిషి నుంచి మొదట రాయించుకునేదే "ఇంట్లో కోళ్లు, బాతులు, పావురాలు పెంచను" అని. పెరటి కోడి బయట తిరుగుతుంది, చెరువు గట్టుకు వెళ్తుంది, కొంగలూ బాతులూ వాలిన చోట నీళ్లు తాగుతుంది. బర్డ్ ఫ్లూకి అడవి బాతులే అసలు ఇల్లు. 2018లో కాలిఫోర్నియాలో కొక్కెర పెరటి కోళ్లలో మొదలైంది, అక్కడి నుంచి పెద్ద ఫారాల్లోకి పాకింది. పది లక్షలకు పైగా కోళ్లను తీసేయాల్సి వచ్చింది. కాబట్టి దారి రెండు వైపులా ఉంది.

అలాగని మా తప్పులు దాచను. నేను చూసినవే చెబుతాను. బ్యాచ్ ఎత్తే రాత్రులే, అంటే షెడ్డులోని కోళ్లన్నిటినీ పట్టి లారీ ఎక్కించే రాత్రులే అన్నిటికంటే ప్రమాదం. కోళ్లు పట్టేవాళ్లు ఒక ఫారం నుంచి ఇంకో ఫారానికి అదే బట్టలతో వెళ్తారు. లారీ దారి పొడుగునా ఈకలూ రెట్టా రాలుతుంది. చచ్చిన కోళ్ల గుంటకు మూత సరిగా లేకపోతే కుక్కలూ కాకులూ లాక్కెళ్తాయి. కాకి ఎక్కడ కూర్చుని తింటుందో ఎవరు చూస్తారు? ఇవన్నీ ఆపాల్సింది మేమే. మా దగ్గర గుంటకు ఇనుప మూత పెట్టించడానికి నాకు మూడేళ్లు పట్టింది.

గంపకింద పెట్ట అమ్మా, ఒక్క ప్రశ్న. మీ ఇంటి నుంచి ఆ ఫారంలోకి ఎవరైనా వెళ్తారా? అక్కడి వస్తువు ఏదైనా మీ ఇంటికి వచ్చిందా? వస్తువంటే ఏదైనా సరే, ఆలోచించి చెప్పండి.

గంపకింద పెట్ట
అన్నా, మీ ప్రశ్న చదివాక చేతులు ఆడలేదు. మా తమ్ముడు వారానికి మూడు రోజులు అక్కడ గుడ్ల ట్రేలు లోడు చేయడానికి కూలికి వెళ్తాడు. అదే చెప్పులతో పెరట్లోంచే ఇంట్లోకి వస్తాడు. అది నాకు ఏనాడూ తట్టలేదు.

ఇంకా ఉంది. నెల కిందట వాడు ఖాళీ దాణా సంచులు ఓ పదీ, వాడేసిన అట్ట ట్రేలూ తెచ్చాడు. సంచులు విప్పి గూట్లో కింద పరిచాను. ట్రేల మీద గడ్డి వేసి గుడ్లు పెట్టుకోవడానికి అమర్చాను. ఆ ట్రేల మీద ఎండిన రెట్ట మరకలు ఉండటం చూశాను కూడా. కోడి రెట్టే కదా అనుకున్నాను.

నేనే తెచ్చి పెట్టానా?

మట్టి వాకిలి
తల్లీ, అలా అనుకోకు. నా వయసు అరవై ఎనిమిది. చిన్నప్పటి నుంచీ కోళ్ల మధ్యే ఉన్నాను. ఫారం సంచులు నేనూ పరిచాను, ఎరువు తెచ్చి కూరపాదులకు వేశాను, ఆ పాదుల్లోనే కోళ్లు గీరాయి. ఇది తప్పని మాకు చెప్పినవాళ్లు లేరు. ఆ మెడ తిరిగిన పెట్టకు చిన్న గిన్నెలో తడిపిన మేత పెట్టి, చేత్తో పట్టుకుని తినిపించు. నేను ఒకదాన్ని రెండు నెలలు అలా సాకాను.

పశువుల డాక్టర్
అమ్మ చెప్పింది నిజం. సంచుల ద్వారానే వచ్చిందని ఎవరూ రుజువు చేయలేరు. ట్రే కావచ్చు, చెప్పు కావచ్చు, కాకి కావచ్చు. కానీ పై మూడు దారుల్లో రెండు ఈరోజే మూసేయగలిగినవి.

సంచులూ ట్రేలూ గడ్డీ కాల్చేయండి. చనిపోయిన వాటిని బావికీ కాలవకీ దూరంగా, కుక్కలు తవ్వలేనంత లోతున సున్నం వేసి పూడ్చండి. గూడు గీకి, సబ్బు నీళ్లతో కడిగి, ఆరాకే క్రిములు చంపే మందు చల్లాలి. రెట్ట మీద బ్లీచింగ్ చల్లితే రెట్ట తెల్లబడుతుందంతే, లోపలి వైరస్‌కి ఏమీ కాదు. ఈ వరస తప్పి చేసేవాళ్లే ఎక్కువ. కొక్కెర, ఫ్లూ వైరస్‌లకు చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, దాన్ని సబ్బే చీలుస్తుంది. ఆ తర్వాత ఎండ.

నాలుగు పెట్టలు
నా సలహాలు వెనక్కి తీసుకుంటున్నాను డాక్టర్ గారూ. నిజం చెప్పాలంటే రెండు పాత లేయర్లు నా దగ్గరే ఉన్నాయి, పోయిన నెల తెచ్చాను. తుమ్ముతున్నాయి. వేరే పెట్టాను.

పశువుల డాక్టర్
వేరే అంటే వేరే నీళ్లు, వేరే మేత గిన్నె, వాటి పని చివర్లో చేసుకోవడం. అదే గిన్నె అటూ ఇటూ తిప్పితే వేరే పెట్టినట్టు కాదు. పరీక్ష చేయించండి, ఆలస్యం వద్దు.

తూర్పు గాలి
మరి చెప్పితే కోళ్లను చంపేస్తారేమోనన్న భయం సంగతి? మా చుట్టుపక్కల అందరూ దాచేది అందుకే. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

పశువుల డాక్టర్
మాట్లాడాల్సిందే. బర్డ్ ఫ్లూ అని తేలితే చుట్టూ కొంత మేర కోళ్లను తీసేస్తారు. ఎంత దూరం అనేది దేశాన్ని బట్టి మారుతుంది. యూరప్‌లో మూడు కిలోమీటర్ల రక్షణ వలయం, పది కిలోమీటర్ల నిఘా వలయం పెడతారు. ఆ వలయాలు కోళ్ల రాకపోకల మీద ఆంక్షలకూ తనిఖీలకూ, వాటిలోని కోళ్లన్నీ తీసేయాలని కాదు. 2003లో నెదర్లాండ్స్‌లో హెచ్7ఎన్7 అనే ఇంకో బర్డ్ ఫ్లూ రకం వచ్చినప్పుడు దాదాపు మూడు కోట్ల కోళ్లు పోయాయి, ఒక పశువైద్యుడు కూడా చనిపోయాడు. పెరటి కోళ్లు కూడా అందులో ఉన్నాయి. ఆ బాధ చిన్నది కాదు, నేను అలాంటి ఇళ్లకు వెళ్లినవాణ్నే. దాచినందువల్ల మాత్రం ఆ కోళ్లు బతకవు. వారం తర్వాత వలయం ఇంకా పెద్దదవుతుంది, ఈలోపు చచ్చిన కోడిని ఏ పసివాడో ముట్టుకుంటాడు.

గంపకింద పెట్ట
రిపోర్టు వచ్చింది. కొక్కెర తెగులే, ఫ్లూ లేదు. ఊపిరి పీల్చుకున్నాం. ఆఖరికి ఏడు మిగిలాయి.

ఇప్పుడు నా కష్టం టీకాతో. సీసాలో వెయ్యి కోళ్లకు సరిపడే మందు ఉంటుందట. నావి ఏడు. కలిపిన రెండు గంటల్లో వాడేయాలన్నారు. ఏడు కోళ్లకు వెయ్యి డోసులు విప్పనా?

మట్టి వాకిలి
మేం ఇలా చేస్తాం తల్లీ. మూడు నెలలకోసారి ఒక తెల్లవారుజాము ఖాయం చేసుకుంటాం. ముందు రోజు రాత్రి అందరూ కోళ్లను గంపల కిందే ఉంచుతారు. ఒక్క సీసా తెచ్చి, ఐసు డబ్బాలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి కంట్లో ఒక్కో చుక్క వేస్తాం. చుక్క పడ్డాక కోడి కన్ను ఆర్పేదాకా వదలకూడదు. ఎండ ఎక్కేలోపు అయిపోవాలి. ఇంటికి నాలుగు ఉన్నా, నలభై ఉన్నా ఒకటే మందు. మొదట ముగ్గురమే, ఇప్పుడు ముప్పై ఇళ్లు.

షెడ్డు మనిషి
పెద్దమ్మా, ఇళ్ల మధ్య తిరిగేటప్పుడు ఒక్క జాగ్రత్త. అవతలి గూట్లోకి మీరు వెళ్లొద్దు, వాళ్లనే కోడిని వాకిట్లోకి తెమ్మనండి. ప్రతి ఇంటి దగ్గరా చేతులు సబ్బుతో కడగండి. జబ్బు కోళ్లున్న ఇల్లు ఆ రోజుకి వదిలేయండి. మా దగ్గర టీకా వేసే మనుషుల వల్లే జబ్బు షెడ్డు షెడ్డుకీ పాకడం చూశాను.

మట్టి వాకిలి
మంచి మాట చెప్పావు నాయనా. ఇన్నాళ్లూ గూళ్లలో దూరి మరీ వేశాను.

పశువుల డాక్టర్
గంపకింద పెట్ట గారూ, ఇంకొంచెం ఆగండి. చివరి కోడి చనిపోయి, మీరు శుభ్రం చేశాక కనీసం మూడు వారాలు కొత్త పిల్లల్ని తేవద్దు. బతికిన ఏడూ కొన్ని వారాలు వైరస్ వదులుతూ ఉండొచ్చు. మెడ తిరిగిన పెట్ట నరం దెబ్బతింది, పూర్తిగా సరి కాకపోవచ్చు. కానీ తింటోంది, తాగుతోంది అంటే బతకనివ్వండి. కొత్త పిల్లలకు ఏడో రోజున లాసోటా అనే కొక్కెర టీకా చుక్క, మూడు నాలుగు వారాలకు మళ్లీ. తర్వాత మూడు నెలలకోసారి అమ్మ చెప్పిన పద్ధతి. పిల్లల్ని మారెక్స్ టీకా వేసే హేచరీ (గుడ్లు పొదిగించే చోటు) నుంచి తెచ్చుకోగలిగితే ఇంకా మేలు. మీ పక్క దుమ్ము ఉంది కాబట్టి చెబుతున్నాను.

ఈగల గురించి కూడా ఒక మాట. కోళ్లు ఈగల్ని తింటాయి కదా అని వదిలేయకండి. ఈగల ద్వారా, లిట్టర్‌లోని (కోళ్ల కింద పరిచే పొట్టులోని) నల్ల పురుగుల ద్వారా బద్దె పురుగులు వస్తాయి. ఫారం ఎరువు ఎంత ఊరికే ఇచ్చినా కోళ్లు గీరే చోట వేయొద్దు.

గంపకింద పెట్ట
మూడున్నర నెలలైంది, చెప్పి వెళ్దామని వచ్చాను.

తమ్ముడు పని మానలేదు, మానమని నేనూ అనలేదు. కానీ ఇప్పుడు వీధి గుమ్మం బయటే ఒక పెట్టె ఉంది. ఫారం చెప్పులూ బట్టలూ అందులోనే. కాళ్లు సబ్బుతో కడుక్కుని వీధి వైపు నుంచే లోపలికి వస్తాడు. పెరట్లోకి అడుగు పెట్టడు, కోళ్ల పని మొత్తం నాదే. పెరటికి వేరే చెప్పులు, అవి బయటికి రావు. మొదటి వారం ఇంట్లో గొడవే. ఇప్పుడు మా ఆరేళ్ల పాప, వచ్చిన చుట్టాలను కూడా గుమ్మం దగ్గర ఆపేస్తోంది.

గూడు చుట్టూ జాలీ, పైన రేకు. మేత గిన్నెలు లోపలే, కాకులు రావడం తగ్గింది. పన్నెండు పిల్లల్ని తెచ్చాను, రెండు చుక్కలూ పడ్డాయి, పన్నెండూ ఉన్నాయి. టీకా రోజుకి తొమ్మిది ఇళ్లు కలిశాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఫారం గేటు దాకా వెళ్లడం ఒక ఎత్తు. తిట్టడానికే వెళ్తున్నాననుకున్నారు. లోపలికి రానని గేటు బయటే నిలబడి, నా కోళ్లు చచ్చాయని, కొక్కెర అని రిపోర్టు చూపించాను. వాళ్ల సూపర్‌వైజర్ ముఖం మారిపోయింది. అదే వారంలో వాళ్లకు గుడ్లు తగ్గాయట, మేత తేడా అనుకున్నారట. ఇద్దరం నంబర్లు రాసుకున్నాం. ముసలి పెట్ట మెడ ఇంకా కాస్త వంకరే గానీ తనంతట తానే తింటోంది.

షెడ్డు మనిషి
ఆయన మీకు ఫోన్ చేస్తున్నాడా? బ్యాచ్ ఎత్తే ముందు తప్పకుండా చెప్పమనండి. ఆ రాత్రీ, తర్వాత రెండు మూడు రోజులూ మీవి లోపలే ఉండాలి.

గంపకింద పెట్ట
నిన్న సాయంత్రమే చేశాడన్నా. రేపు రాత్రి రెండు షెడ్లు ఎత్తుతున్నారట, లారీలు మా వీధిలోంచి కాకుండా అవతలి దారిన పంపిస్తానన్నాడు. మేతా నీళ్లూ లోపల పెట్టేశాను. శుక్రవారం దాకా తలుపు తీయను.